ఓడల మీది దీపములు

తెరచాప ఓడల కాలమున రాత్రివేళ సముద్రముపై నిరంతరము దీపము వెలుగుచుండవలెనను నిర్బంధము లేకుండెను. చమురు ఖరీదైనది, గాలికి వత్తి నిలువదు. ఎదుట మరొక ఓడ నీడ కనబడినప్పుడు లాంతరు పైకెత్తి చూపుట, గట్టిగా కేక వేయుట, అంతియే. గాలిని నమ్ముకొన్న ఓడ ఎటు పోగలదో గాలినిబట్టి ఎదుటివాడు ఊహింపగలిగెడివాడు గనుక ఈ పద్ధతి చాల యేండ్లు సాగినది. పొగఓడలు వచ్చిన పిదప ఆ ఊహకు ఆధారము పోయినది. గాలి ఎటు వీచినను అవి తమ యిచ్చవచ్చిన దిక్కునకు వేగముగా పోవును.

1838లో అమెరికా కాంగ్రెసు, సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వరకు నడచు పొగఓడలు దీపము పెట్టుకొనవలెనని శాసించెను. ఏ రంగు దీపము, ఎచ్చట పెట్టవలెను అను సంగతి అందులో లేదు. ఆ లోటును 1848లో ఇంగ్లండు తీర్చెను. పొగఓడకు ఎడమప్రక్క ఎరుపు, కుడిప్రక్క ఆకుపచ్చ, కొయ్యపైన తెలుపు అని విధించెను. తెరచాప ఓడలకు 1858లో ప్రక్కదీపముల నియమము వచ్చెను. 1863లో బ్రిటిషు వాణిజ్యశాఖ ఫ్రెంచి ప్రభుత్వముతో సంప్రదించి క్రొత్త నిబంధనలు కూర్పగా, మరుసటి యేటికి ముప్పదికి పైగా దేశములు వానిని అంగీకరించెను. నేడు అమలులో నున్నవి 1972లో లండనునందు కుదిరి, 1977 జూలై 15 నుండి నడచుచున్న నిబంధనలు. రంగులు మాత్రము 1848 నాటివే.

ఈ యేర్పాటులోని చాతుర్యమును కొంచెము నిలిచి చూడవలెను. నావికులు దిక్చక్రమును 32 భాగములు చేసిరి. ఎరుపుదీపము నేరుగా ముందునుండి ఎడమప్రక్కకు 10 భాగములు, ఆకుపచ్చదీపము కుడిప్రక్కకు 10 భాగములు మాత్రమే కనబడును. మిగిలిన 12 భాగములు అమరమున, అనగా వెనుకవైపున, నున్న తెల్లదీపమువి. కావున చీకటిలో ఓడ రూపము కనబడకున్నను దాని ముఖము ఎటు తిరిగియున్నదో తెలియును. యంత్రపు ఓడలు రెండు అడ్డముగా వచ్చునప్పుడు, తన కుడిప్రక్క రెండవదానిని చూచువాడు తొలగవలెనని నియమము. అట్టివానికి కనబడునది ఎరుపు. రెండవవానికి కనబడునది ఆకుపచ్చ. నోరు విప్పకుండ ఎవరు తొలగవలెనో రంగే చెప్పినట్లయినది. ఆ రంగు తప్పినను, ఆ హద్దు చెదరినను, చెప్పిన మాట అబద్ధమగును.

చమురు పోయి విద్యుత్తు వచ్చుట ఓడలపై 1880లో ఆరంభమయ్యెను. ఎడిసను గాజుబుడ్లను మొదట మోసిన ఓడ అమెరికాకు చెందిన కొలంబియా. అదే ఓడ 1907 జూలైలో కాలిఫోర్నియా తీరమున, రాత్రి పొగమంచులో, శాన్ పెడ్రో అను కలప ఓడతో ఢీకొని మునిగెను. 88 మంది మరణించిరి. ఎంత మంచి దీపమైనను పొగమంచును చీల్చజాలదు.

ఇక మన కాలపు దీపము. 1962లో నిక్ హోలోన్యాక్ ఎర్రని కాంతినిచ్చు ఎల్.ఇ.డి.ని చేసెను. ప్రకాశవంతమైన నీలికాంతి 1990 దశకమున జపానులో సాధింపబడిన పిదప తెల్లని వెలుగు వచ్చెను. దీనికి తెగిపోవు తీగె లేదు, అలల అదురునకు చెడదు, విద్యుత్తు స్వల్పముగా తీసికొనును. బ్యాటరీపై రాత్రి గడుపు చిన్న పడవకు ఇది వరమే.

కాని పాత బుడ్డి తీసి ఆ తావుననే ఎల్.ఇ.డి. బిగించుటలో చిక్కులు కలవు. పాత తీగె సన్నని నిలువుగీత వంటిది. ప్రక్కదీపపు హద్దు దానినిబట్టియే తీర్చబడినది. నలుదెసల పొదిగిన ఎల్.ఇ.డి. ముక్కలు ఆ హద్దును చెదరగొట్టును. తెల్లని ఎల్.ఇ.డి. కాంతిలో నీలము మెండు, ఎరుపు తక్కువ. రంగు అద్దము వెనుక నుంచినచో ఎరుపు మసకబారును, ఆకుపచ్చ వన్నె మారును. పాత బుడ్డి చెడినచో ఆరిపోవును, అందరికి తెలియును. ఎల్.ఇ.డి. ఆరదు, యేండ్ల తరబడి క్షీణించును. అందుచేతనే 2007లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ పెద్ద ఓడల దీపములకు ఒక షరతు పెట్టెను: వెలుగు తగ్గినప్పుడు హెచ్చరించు సాధనమైన నుండవలెను, లేదా తయారీదారు చెప్పిన ఆయుర్దాయము తీరగానే మార్చవలెను. వల లాగువేళ మరపడవపై వెలిగించు తీవ్రమైన ఎల్.ఇ.డి. దీపములు ప్రక్కనున్న ఎరుపు, ఆకుపచ్చలను మింగివేయుట మరొక ప్రమాదము.

అన్నిటికంటె వింతయైనది రేడియో సంగతి. రేడియోపెట్టె ప్రక్కన నాసిరకపు ఎల్.ఇ.డి. దీపము వెలిగించినప్పుడు పాట నడుమ గరగర వినబడుట శ్రోతలు ఎరుగనిది కాదు. దీపములోని చిన్నయంత్రము విద్యుత్తును సెకనుకు వేలకొలది పర్యాయములు తెంచి కలుపుచుండును. ఆ తెంపులే తరంగములై వ్యాపించును. ఇంటిలో చెడునది పాట. ఓడపై చెడునది 156.8 మెగాహెర్ట్జులపై వచ్చు ఆపదపిలుపు. కొయ్యపై ఆంటెన్నా, దీపము ఒకచోటనే యుండును గదా! 2018 ఆగస్టులో అమెరికా తీరరక్షకదళము ఈ విషయమై హెచ్చరిక వెలువరించెను. ఓడలదారిలో చిక్కు నెదుర్కొన్న ఒక ఓడను రక్షణకేంద్రము ఎంత పిలిచినను రేడియోపై అందుకొనలేకపోయినదని అందు వ్రాసిరి.

పరీక్ష తేలిక. రేవు విడువకముందే ఎల్.ఇ.డి. దీపములన్నిటిని ఆర్పి, రేడియోను ఎవరును మాటలాడని ఛానలునకు త్రిప్పి, స్క్వెల్చి మీటను గరగర వినవచ్చువరకు తగ్గించి, తిరిగి అది ఆగునంత మాత్రమే పెంచవలెను. పిమ్మట దీపములను ఒక్కొక్కటిగా వెలిగించవలెను. దేనితో గరగర మరల మొదలగునో ఆ దీపమును ఆంటెన్నాకు దూరముగా జరుపవలెను. అప్పటికిని తగ్గనిచో దానిని తీసివేయవలెను.