మాంచెస్టరులో పందొమ్మిది వికెట్లు

1956 జూలై చివరి వారంలో ఇంగ్లండు, ఆస్ట్రేలియా జట్లు మాంచెస్టరు నగరంలోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో ఆ యేటి నాలుగవ టెస్టు ఆడినవి. ఇంగ్లండు పక్షాన ఇద్దరు పేరుమోసిన స్పిన్ బౌలర్లు ఉన్నారు. వారిలో ఒకడు రెండు ఇన్నింగ్సులలో కలిపి 69 ఓవర్లు వేసినాడు. అతనికి దక్కినది ఒక్క వికెట్టు. రెండవవాడు వేసినవి 68 ఓవర్లు. అతనికి దక్కినవి 19 వికెట్లు. మొదటివాడు టోనీ లాక్. రెండవవాడు జిమ్ లేకర్.

ఆ టెస్టు ప్రసక్తి వచ్చినప్పుడెల్లా "అదంతా పిచ్ మహిమ" అని తేల్చివేసేవారు నేటికీ కలరు. నేల ఒక్కటే, తడిసినది ఒకే వానకు, ఆరినది ఒకే ఎండకు. ఎదుట నిలిచిన పదకొండుగురు కూడా వారే. మహిమ పిచ్‌దే అయితే అది ఒకనిని వరించి రెండవవానిని ఏల విడిచినట్లు? లేకర్ ఘనతను తూచవలెనన్న ఈ ప్రశ్నతోనే ఆరంభించవలె.

లేకర్ 1922 ఫిబ్రవరి 9న యార్క్‌షైర్‌లోని బ్రాడ్‌ఫర్డ్ చెంత జన్మించినాడు. కొంతకాలం బ్యాంకులో ఉద్యోగం చేసి, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో చేరి ఈజిప్టు వెళ్లినాడు. అక్కడ చాప పరచిన పిచ్‌ల మీద అతని ఆఫ్ బ్రేక్ విద్యకు పదును పెరిగినది. యుద్ధానంతరం స్వస్థలమైన యార్క్‌షైర్‌కు గాక సర్రీ జట్టుకు ఆడినాడు. 1948 జనవరిలో బ్రిడ్జ్‌టౌన్‌లో వెస్టిండీస్‌పై తన తొలి టెస్టులోనే ఒక ఇన్నింగ్సులో 103 పరుగులకు 7 వికెట్లు తీసుకొన్నాడు.

ఆ శుభారంభం వెంటనే పరాభవం ఎదురైనది. అదే సంవత్సరం జూలైలో లీడ్స్ నగరంలోని హెడింగ్లీ మైదానంలో ఆస్ట్రేలియా చివరి రోజున 404 పరుగులు చేయవలసి వచ్చినది. అరిగిన పిచ్, స్పిన్ బౌలరుకు అంతకన్న అనువైన దినం ఉండదని అందరూ తలచినారు. ఆర్థర్ మోరిస్ 182, డాన్ బ్రాడ్మన్ 173 పరుగులు చేసి మూడు వికెట్లు మాత్రమే కోల్పోయి జట్టును గెలిపించినారు. లేకర్ 93 పరుగులు ఇచ్చినాడు. ఒక్క వికెట్టు కూడా దక్కలేదు. క్యాచ్‌లు జారవిడిచిన మాట నిజమే గాని లోకం నింద మోపినది బౌలరు మీదనే. 1950లో బ్రాడ్‌ఫర్డ్‌లో జరిగిన టెస్టు ఎంపిక మ్యాచ్‌లో 14 ఓవర్లు వేసి కేవలం 2 పరుగులకు 8 వికెట్లు తీసినప్పటికీ, ఆ శీతకాలంలో ఆస్ట్రేలియాకు వెళ్లిన జట్టులో అతనికి స్థానం లభించలేదు. 1954లో వెళ్లిన జట్టులోనూ లేదు. అనువైన పిచ్ ఉన్నంతమాత్రాన వికెట్లు రాలవని లేకర్ ఎనిమిదేండ్లు ముందుగానే తెలుసుకొన్నాడు.

కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు ఆఫ్ వైపున నేలను తాకి, కాళ్ల వైపునకు లోనికి తిరిగే బంతిని ఆఫ్ బ్రేక్ అంటారు. దీనిని ప్రధానంగా చూపుడువ్రేలు తిప్పుతుంది. లెగ్ బ్రేక్ వలె కనులకు విందు చేసే విద్య కాదిది. రేడియో వ్యాఖ్యాతలకు కూడా దీనితో కొంత చిక్కే. బ్యాట్స్‌మన్ ఆరు బంతులను ఆపి ఊరకున్నప్పుడు చెప్పుటకేమున్నదని తోచుతుంది. చెప్పవలసినదంతా ఆ ఆరు బంతుల నడుమ గల స్వల్ప భేదాలలో ఉంటుంది. లేకర్ నెమ్మదిగా నాలుగడుగులు వచ్చి, చేయి నిటారుగా ఎత్తి వేసేవాడు. చూపులకు అన్నీ ఒకే బంతి. ఒకటి కాస్త ఎత్తుగా, ఒకటి కాస్త పొట్టిగా, ఒకటి తిరగకుండా సూటిగా. బంతి బాగా తిరిగే పిచ్‌ల మీద వికెట్టుకు రెండవ ప్రక్క నుండి వేసేవాడు; అప్పుడు తిరిగిన బంతి కాళ్ల వెలుపలికి పోక వికెట్ల మీదికే వస్తుంది. దగ్గరగా ఆన్ వైపున కాచుకొనే ఫీల్డర్ల వలయం సరేసరి.

1956 మే నెలలోనే ఆస్ట్రేలియా జట్టుకు అతని రుచి తెలిసినది. ఓవల్ మైదానంలో సర్రీ తరఫున 88 పరుగులకు ఆ జట్టు పది వికెట్లనూ లేకరే పడగొట్టినాడు. లాక్ కూడా తక్కువవాడు కాదు. అతడు సర్రీలో లేకర్ సహచరుడే. జూలై తొలి పక్షంలో బ్లాక్‌హీత్‌లో కెంట్ జట్టుపై 54 పరుగులకు పది వికెట్లు తీసినాడు. హెడింగ్లీలో జరిగిన మూడవ టెస్టులో ఇద్దరూ కలిసి 18 వికెట్లు పంచుకొన్నారు: లేకర్‌కు 11, లాక్‌కు 7. సిరీస్ 1–1గా నిలిచి ఉండగా జట్లు మాంచెస్టరు చేరినవి.

ఇంగ్లండు కెప్టెన్ పీటర్ మే టాస్ గెలిచినాడు. రిచర్డ్‌సన్, షెపర్డ్ శతకాలతో ఇంగ్లండు 459 పరుగులు చేసినది. ఆస్ట్రేలియా కెప్టెన్ ఇయాన్ జాన్సన్ స్వయంగా ఆఫ్ బ్రేక్ బౌలరే. అతడు 151 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసుకొన్నాడు. రెండవ రోజు, శుక్రవారం నాడు ఆస్ట్రేలియా ఆట ఆరంభించి 48 పరుగుల వరకు వికెట్టు కోల్పోలేదు. టీ వేళకు రెండు వికెట్లకు 62. మూడవ వికెట్టు బర్క్‌ది. దానిని తీసినవాడు లాక్. ఆ మ్యాచ్‌లో లేకర్‌కు దక్కని వికెట్టు అదొక్కటే. టీ తరువాత 35 నిమిషాలలో, 22 పరుగుల వ్యవధిలో మిగిలిన ఎనిమిది వికెట్లూ పడినవి; బర్క్‌ది తప్ప తక్కిన ఏడూ లేకర్‌కే. 84 పరుగులకు ఇన్నింగ్సు ముగిసినది. లేకర్ లెక్క 37 పరుగులకు 9 వికెట్లు. వెంటనే మరల బ్యాటింగుకు దిగిన నీల్ హార్వే నేలపడకుండా వచ్చిన బంతిని తిన్నగా కౌడ్రీ చేతికే కొట్టి, పట్టరాని విచారంతో బ్యాటును గాలిలోకి విసరినాడు. ఒకే దినాన అతనికి రెండు సున్నాలు.

అటుపై వాన. శనివారం ఆడినది గంటలోపే. సోమవారం కూడా గాలివానల నడుమ కొద్ది సేపే. ఆ రోజుల్లో ఆట సమయంలో పిచ్‌ను నేటివలె పూర్తిగా కప్పి ఉంచేవారు కారు. నాలుగవ దినాంతానికి ఆస్ట్రేలియా రెండు వికెట్లకు 84. మంగళవారం భోజన విరామం వరకు మెక్‌డొనాల్డ్, క్రేగ్ చలించక నిలిచినారు. పిచ్ తడిసి మెత్తబడి బంతి మందగించినది. ఆట డ్రా కావచ్చునని చాలామంది అనుకొన్న వేళ సూర్యుడు మబ్బు చీల్చుకొని వచ్చినాడు. తడి ఆరుతున్న కొలది బంతి కరవసాగినది. 38 పరుగుల వద్ద క్రేగ్ ఎల్.బి.డబ్ల్యు. అయినాడు. తరువాత మెక్కే, మిల్లర్, ఆర్చర్ ముగ్గురూ సున్నాకే వెనుదిరిగినారు. మెక్‌డొనాల్డ్ ఒక్కడే అయిదున్నర గంటలకు పైగా పోరాడి 89 పరుగుల వద్ద టీ తరువాత ఓక్‌మన్ చేత చిక్కినాడు. నా అభిప్రాయంలో ఆ 89 పరుగులు ఆ మ్యాచ్‌లోని రెండు శతకాలకన్న విలువైనవి. ఆ పిచ్ మీద నిలువడం అసాధ్యం కాదనుటకు అవే సాక్ష్యం. చివరకు మ్యాడక్స్ ఎల్.బి.డబ్ల్యు. అయినప్పుడు స్కోరు 205. ఆటకు మరొక గంట వ్యవధి ఉన్నది. లేకర్‌కు 53 పరుగులకు పది వికెట్లు. ఇంగ్లండు ఇన్నింగ్సు 170 పరుగులతో గెలిచినది.

లేకర్ స్వెట్టరును భుజాన వేసుకొని, దినం పని ముగిసిన ఉద్యోగి వలె పెవిలియన్ వైపు నడచిపోయినాడు. ఆ రాత్రి కారులో ఇంటికి పోతూ లిచ్‌ఫీల్డ్‌లో ఒక పానశాల వద్ద ఆగి ఫలహారం చేసినాడట. అక్కడివారంతా టెలివిజన్‌లో అతని వికెట్లనే చూస్తూ, ప్రక్కన కూర్చున్న మనిషిని గుర్తించనే లేదు.

ఇక లాక్ సంగతి. వాన తరువాత ఆరుతున్న పిచ్ ఎడమచేతి స్పిన్నరుకు వరమని క్రికెట్టు పండితులు ఏనాటి నుండియో చెప్పుతున్నారు. 1934లో లార్డ్స్‌లో హెడ్లీ వెరిటీ అటువంటి నేల మీదనే ఆస్ట్రేలియా వికెట్లు 15 తీసినాడు. లాక్ ఎడమచేతివాడే. అయితే అతడు ఉద్రేకి. రెండవ వైపు వికెట్లు రాలుతున్న కొలది తనకు రాకపోవడం అతనికి సహించరాని బాధ అయినది. వేగం పెంచినాడు, బంతిని పొట్టిగా వేసినాడు. అది ఇంకా ఎక్కువగా తిరిగి, బ్యాటును, వికెట్లను, అన్నిటినీ తప్పించుకొని పోయినది. లేకర్ మాత్రం వేగం మార్చలేదు, స్థలం మార్చలేదు. ప్రతి బంతినీ బ్యాట్స్‌మన్ ఆడి తీరవలసిన చోటనే వేసినాడు. నిగ్రహం ఆ తేడాకు మూలమని నేను భావిస్తాను. అయినను లాక్‌కు అన్యాయం చేయరాదు. రెండవ ఇన్నింగ్సులో అతని 55 ఓవర్లలో 30 మెయిడెన్లు, ఇచ్చిన పరుగులు 69. ఆస్ట్రేలియన్లకు ఆ వైపు ఊపిరి సలుపలేదు. పైగా లేకర్ బౌలింగులో బర్క్, లిండ్వాల్ ఇచ్చిన క్యాచ్‌లను పట్టినది ఆ లాకే.

ఆ సిరీస్‌లో లేకర్ మొత్తం వికెట్లు 46, సగటు 9.60. ఆస్ట్రేలియా జట్టు స్వదేశానికి మరలుతూ మన దేశంలో మూడు టెస్టులు ఆడినది. లేకర్ జన్మించిన 1922లోనే హైదరాబాదులో జన్మించిన మన ఆఫ్ బ్రేక్ బౌలరు గులాం అహ్మద్ గారు ఆ నవంబరులో కలకత్తాలో అదే జాన్సన్ జట్టుపై 49 పరుగులకు 7 వికెట్లు, మ్యాచ్‌లో 10 వికెట్లు పడగొట్టినారు. రిచీ బెనో తన లెగ్ బ్రేక్‌లతో 11 వికెట్లు తీయడం వలన ఆ మ్యాచ్ మనకు దక్కలేదు గాని, ఆఫ్ బ్రేక్‌కు ఆస్ట్రేలియన్లు తడబడిన తీరు మాంచెస్టరు వానతోనే ముగియలేదని కలకత్తా నిరూపించినది.

1960లో వెలువడిన గ్రంథంలో లేకర్ తన కెప్టెన్లను, క్రికెట్టు పెద్దలను నిర్మొహమాటంగా విమర్శించినాడు. ఎం.సి.సి., సర్రీ క్లబ్బులు అతనికిచ్చిన గౌరవాలను ఉపసంహరించి, తరువాతి కాలంలో పునరుద్ధరించినవి. ఉత్తరోత్తరా బి.బి.సి. టెలివిజన్ వ్యాఖ్యాతగా, బౌలింగులో వలెనే పొదుపుగా మాట్లాడుతూ పేరు పొందినాడు. 46 టెస్టులలో 193 వికెట్లు తీసిన ఆ బౌలరు 1986 ఏప్రిల్‌లో మరణించినాడు.

టెస్టు ఇన్నింగ్సులో పది వికెట్లు తీసే భాగ్యం 1999లో ఢిల్లీలో పాకిస్తాన్‌పై అనిల్ కుంబ్లేకు, 2021లో ముంబయిలో మన జట్టుపై న్యూజిలాండు బౌలరు అజాజ్ పటేల్‌కు కలిగినది. మ్యాచ్ మొత్తంలో ఇద్దరికీ దక్కినవి పద్నాలుగేసి వికెట్లు. పందొమ్మిది వికెట్లు టెస్టులలోనే కాదు, మరి ఏ ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లోనూ మరొకరికి దక్కలేదు.