కోలారు బంగారు గనుల సీమలో మందుల పంపిణీ

వైద్యుడు మందు వ్రాసి యిచ్చుటతో చికిత్స ముగియదు. ఆ మందును సరిగా కొలిచి, ఎప్పుడెంత పుచ్చుకొనవలెనో రోగికి తెలియునట్లు చెప్పి యిచ్చువాడొకడు కావలెను. కోలారు బంగారు గనుల సీమలో ఈ బాధ్యత యెవరి చేతులలో నుండెను, ఎట్లు చేతులు మారెను అనుటయే యీ వ్యాసమునందలి విషయము.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఇచ్చటి గనుల నిర్వహణ చేపట్టెను. తమిళ, తెలుగు, కన్నడ ప్రాంతముల నుండి శ్రామికులు వచ్చి చేరిరి. గనుల యాజమాన్యమే వైద్యశాలను నడిపెను. 1956లో మైసూరు ప్రభుత్వమును, 1962లో కేంద్ర ప్రభుత్వమును గనులను స్వీకరించినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ యేర్పడెను. యజమానులు మారినను, శ్రామికునకు మందు ఉద్యోగముతోపాటు లభించునదే గాని అంగడిలో కొనవలసినది కాదు.

నాటి డిస్పెన్సరీలలో కాంపౌండరు మిక్స్చరు కలిపి రోగి తెచ్చుకొన్న సీసాలో పోసెడివాడు. మోతాదులను తెలుపుటకు గంట్లు పెట్టి కత్తిరించిన కాగితపు పట్టీని సీసాకంటించెడివాడు. చదువురానివారికిని, ఏ భాషవారికిని అది అర్థమగుచుండెను. పిమ్మట మాత్రల అట్టలు వచ్చినవి. వానిపై ఆంగ్లాక్షరములే ప్రధానమైనవి.

ఔషధ విక్రయమును చక్కదిద్దుటకు రామనాథ్ చోప్రా అధ్యక్షతన 1930–31లో విచారణ సంఘము పనిచేసెను. ఫలితముగా 1940లో ఔషధముల చట్టమును, 1948లో ఫార్మసీ చట్టమును వెలువడినవి. వైద్యుని చీటిపై మందిచ్చు పని రిజిస్టరైన ఫార్మసిస్టుదేయని రెండవ చట్టములోని 42వ సెక్షను విధించుచున్నది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. వైద్యశాలయు మూతపడెను. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేటలలోని మందుల దుకాణములే అనేక కుటుంబములకు తొలి ఆశ్రయమైనవి. ఇచ్చట నొక విశేషాపాయము కలదు. రాతిధూళి వలన కలుగు సిలికోసిస్‌ను నయము చేయు మందు లేదు. అది క్షయకును దారితీయును. దగ్గునకు సిరప్ మాత్రము కొనుక్కొనిపోవు పాత గని శ్రామికుని క్షయ బయటపడకయే ముదరవచ్చును. క్షయ మందులను నడుమ మానినచో అవి పనిచేయకుండ పోవు ప్రమాదము కలదు. అందువలననే 2013లో ప్రకటింపబడి 2014 మార్చి నుండి అమలులోనికి వచ్చిన హెచ్-1 షెడ్యూలు, క్షయ మందులు మొదలగువాని అమ్మకమునందు వైద్యుని పేరును, రోగి పేరును, పరిమాణమును పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెనని నిర్దేశించినది.

1985లో నైరోబీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన నిపుణుల సదస్సు, తగిన మందు తగిన మోతాదులో తగినంతకాలము తక్కువ వెలకు అందవలెనని తెలిపెను. ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాల పల్లెలలో ఇంట తెలుగు మాటలాడు రైతుకును ఈ సూత్రము వర్తించును. కాని దుకాణదారు చెప్పినది అతనికి బోధపడనిచో, మంచి మందును వృథాయగును. గంట్ల కాగితము చేసిన పనిని నేడు మాట చేయవలెను. మోతాదును తెలుగున వ్రాసి యిచ్చు చిన్న చీటి యైనను ప్రతి దుకాణమున నుండునట్లు మన సంఘములు పూనుకొనుట యుక్తము.