పెదనాయన ఎక్కిన కోదండం

పోయిన నెలలో ఒకరోజు పప్పుకు తిరగమోత వేస్తుంటే మా అబ్బాయి బడి నుంచి ఫోను వచ్చింది. "అమ్మా, మీరొకసారి రావాలి" అన్నారు. తొమ్మిదో తరగతి పిల్లాడున్న ఏ తల్లికైనా ఆ మాటకు గుండె జారుతుంది కదా! మేముండేది ఆత్మకూరులో. ఆయన ఉద్యోగం బెంగుళూరులో. అందుకని బడికి వెళ్ళడమూ, అక్కడ తల వంచుకోవడమూ రెండూ నా వంతే.

లెక్కల మేడం బోర్డు మీద రాస్తుంటే వెనక నుంచి వీడియో తీసి, దానికి సినిమా పాట తగిలించి నలుగురికీ పంపారట. తీసింది ఇంకో పిల్లాడు, పాట పెట్టింది మావాడు. "మావాడు అలాంటివాడు కాదండీ" అనే మాట దారిలోనే సిద్ధం చేసుకుని వెళ్ళాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మేడం కళ్ళు ఎర్రగా ఉండటం చూశాక ఆ మాట నోట్లోనే ఉండిపోయింది.

రాత్రి ఫోనులో ఆయన "రెండు తగిలించు, వాడే దారికొస్తాడు" అన్నారు. ఉదయగిరిలో ఉన్న మా నాయనదీ అదే మాట. "అయ్యవారి చింతబరికె దెబ్బలు తిన్నాం గనకే బాగుపడ్డాం" అంటాడు. మా తాతయితే పిల్లల్ని బడిలో వేసేటప్పుడు "కళ్ళు రెండూ వదిలేసి చర్మం వలిచెయ్యండి" అని అప్పగించేవాడట.

ఆ కాలం నాటి బడి ఎలా ఉండేదో మనవాళ్ళ నోటే కాదు, తెల్లవాళ్ళ కాగితాల్లోనూ ఉంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, మీ జిల్లాల్లో బళ్ళెన్ని, చదివేవాళ్ళెందరు అని కలెక్టర్లందర్నీ అడిగాడు. మరుసటి ఏడు బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ పెద్ద జవాబే రాశాడు. అప్పటి బళ్ళారి జిల్లాలో అనంతపురం సీమ కూడా కలిసి ఉండేది. ఈయన తెలుగు నేర్చి, తెలుగు వ్యాకరణం రాసిన మనిషి.

ఆయన చెప్పిన ప్రకారం, పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా ఆలస్యమైనకొద్దీ పెరుగుతూ పోతాయి. మూడోవాడు చేసిన నేరమేమిటో నాకైతే అర్థం కాలేదు! ఇంటి దగ్గర పాలు పితికి వచ్చుంటాడు పాపం. చదవని పిల్లల్ని కొట్టేవారు, రెండు చేతులూ తాడుతో కట్టి పైకప్పుకు వేలాడదీసేవారు. మనవాళ్ళు కోదండం అన్నది దీన్నే. లేదంటే ఆపకుండా కూర్చుని లేవమనేవారు, అవే గుంజీళ్ళు. నొప్పిగా ఉన్నా ఒంటికి మంచిదేనేమో అని కూడా రాశాడు దొరగారు. ఇప్పుడు సూపర్ బ్రెయిన్ యోగా అంటూ అవే గుంజీళ్ళు తీయిస్తున్నవాళ్ళను చూస్తే ఆయన సంతోషించేవాడు.

అదే ఉత్తరంలో ఇంకో లెక్క ఉంది. జిల్లా మొత్తానికి 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. బరికె గొప్పదనం గురించి ఎవరైనా చెబుతుంటే నాకు ఈ 60 గుర్తొస్తుంది. దెబ్బలు తిని బాగుపడే యోగం కూడా మన ముత్తవ్వలకు పట్టలేదు.

ఆ ఆదివారం మావాణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కి ఉదయగిరి వెళ్ళాను. నాయన మళ్ళీ బరికె పురాణం ఎత్తుకున్నాడు. పక్కన మంచం మీద మా పెదనాయన ఉన్నాడు. ఆయన జీవితమంతా కొండ కింద మేకలు కాసుకున్నాడు. "మరి నువ్వెందుకు చదువుకోలేదు పెదనాయనా?" అని అడిగాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు చూడండి! ఎక్కాలు తప్పు చెప్పినందుకు అయ్యవారు కోదండం వేశాడట. మరుసటి రోజు బడికని బయల్దేరి దుర్గం కొండెక్కి కూర్చున్నాడు. తర్వాత మళ్ళీ బడి మొహం చూడలేదు. మావాడు ముందు నవ్వాడు. పెదనాయన లేచి, చేతులు రెండూ పైకెత్తి ఎలా కట్టారో చూపించేసరికి నవ్వు ఆపేశాడు. నాయన కూడా ఇంకేమీ మాట్లాడలేదు.

బడిలో కొట్టకూడదని 2002 ఫిబ్రవరిలో మన ఉమ్మడి రాష్ట్రం జీవో ఇచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ఒంటి మీద దెబ్బనూ, మనసు నొప్పించడాన్నీ రెండింటినీ నిషేధించింది. మంచి పనే, నేను దానికి ఎదురు చెప్పను. కానీ బరికె తీసేసిన చోట ఏం పెట్టాలో ఎవరూ చూడలేదు. యాభై మంది పిల్లలు, ఒక్క మేడం, ప్రతి ఇంట్లో ఓ ఫోను. తాత చర్మం వలిచెయ్యమన్నాడు. నేనేమో మావాడు అలాంటివాడు కాదనబోయాను. మధ్యలో ఆవిడ ఏం చెయ్యాలి?

2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట హైస్కూల్లో హెడ్మాస్టరుగారు పిల్లలు మాట వినడం లేదని, మమ్మల్ని దండించనివ్వరని చెప్పి, అందరి ముందూ వాళ్ళకు సాష్టాంగపడి, తనే చెవులు పట్టుకుని గుంజీళ్ళు తీశారు. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. అందరూ మెచ్చుకున్నారు గానీ నాకు మాత్రం కడుపులో దేవినట్టయింది. రెండొందల ఏళ్ళ కిందట పిల్లలు తీసిన గుంజీళ్ళు ఇప్పుడు అయ్యవారు తీస్తున్నారు.

సోమవారం మావాడితో నేనూ బడికి వెళ్ళాను. వాడు తరగతి ముందు నిలబడి, ఏం చేశాడో వాడి నోటితోనే చెప్పి, తప్పయిందన్నాడు. గొంతు పూడుకుపోయింది. నేను వరండాలోనే నిలబడ్డాను, లోపలికి వెళ్ళలేదు. ఆ వీడియో అందుకున్న ప్రతి ఒక్కరి చేతా తీయించే పనీ వాడికే పెట్టాను. మూడు రోజులు పట్టింది. ఇద్దరు ఇంకా తీయలేదట.

మేడం వాడితో ఇప్పటికీ సరిగా మాట్లాడటం లేదు. లెక్కల నోటు మాత్రం అందరిదానిలాగే దిద్ది ఇస్తున్నారు.