శిలీంధ్ర కార్నియా పుండు

నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా పరచుకుని ఉండే పారదర్శకమైన పొర కార్నియా. పాఠ్యపుస్తకాల్లో దీన్నే శుక్లపటలం అంటారు. దాని మీద గీత పడి, ఆ గీతలో బూజు జాతి జీవి పాతుకుని, పొరను లోపలికి తినుకుంటూ పోతే అది శిలీంధ్ర కార్నియా పుండు. ఆసుపత్రి భాషలో ఫంగల్ కెరటైటిస్. పుండు మానినా చోటు తెల్లబడి మచ్చ నిలిచిపోతుంది. మన పల్లెల్లో కంట్లో పువ్వు పడిందనేది చాలాసార్లు ఈ మచ్చనే. పువ్వు కనుపాప ఎదురుగా పడితే ఆ కంటికి చూపు పోయినట్టే. 2021లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఈ జబ్బు వస్తోంది. వీరిలో ఎక్కువ మంది ఆసియా, ఆఫ్రికా ఉష్ణమండల దేశాలవారు.

పొలం నుంచి కంటికి

జబ్బుకు మూలం సాధారణంగా చాలా చిన్న దెబ్బ. వరి నూర్పిళ్లప్పుడు ఎగిరిన ఊక, చెరకు ఆకు అంచు, కలుపు తీస్తుంటే కొట్టుకున్న కొమ్మ, ఎద్దు తోక విసురు ఏదైనా చాలు. మట్టిలోనూ కుళ్లే ఆకుల్లోనూ ఉండే ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి శిలీంధ్రాలు ఆ గీతలోకి దిగుతాయి. ఇవి మామూలుగా మొక్కలను, చచ్చిన పదార్థాన్ని తినేవి. మనిషి కంటితో వాటికి పనే లేదు, దారి దొరికింది కాబట్టి దూరాయి. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1991–2000 మధ్య ప్రయోగశాలలో రుజువైన 1,300కి పైగా కేసులను పరిశీలించింది. వాటిలో ఫ్యుజేరియం మొదటి స్థానంలో, ఆస్పర్‌జిల్లస్ రెండో స్థానంలో ఉన్నాయి. రోగుల్లో మగవాళ్లు, పని చేసే వయసువాళ్లు ఎక్కువ. వానాకాలం, చలికాలాల్లో కేసులు పెరిగాయి. పొలం పనుల క్యాలెండర్‌ను పక్కన పెట్టుకుని చూస్తే ఇందులో వింతేమీ లేదు.

అమెరికాలోని ఒక కౌంటీలో లక్ష మందికి ఏడాదికి 11 కార్నియా పుండ్లు లెక్కకు వస్తే, తమిళనాడులోని మదురై జిల్లాలో అది 113. నేపాల్‌లోని భక్తపూర్‌లో 799. ఇవి అన్ని రకాల పుండ్లకూ కలిపిన లెక్కలు, కొలిచిన పద్ధతులు కూడా ఒకటి కావు. అయినా తేడా ఎంతటిదో తెలుస్తూనే ఉంది. ధనిక దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా కాంటాక్ట్ లెన్సుల వెంట వస్తుంది. 2005–06లో సింగపూర్, అమెరికాల్లో లెన్సులు నానబెట్టే ఒక ద్రావణం వల్ల ఫ్యుజేరియం పుండ్లు ఒక్కసారిగా పెరిగి, ఆ ద్రావణాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్‌తో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 1996–2000 మధ్య జరిగిన కంటి సర్వేలో 10,293 మందిని పరీక్షించారు. కార్నియా జబ్బుతో కనీసం ఒక కన్ను గుడ్డిదైనవారు 0.66 శాతం. అందులో అధిక భాగం తప్పించదగినదేనని సర్వే రాసినవారి తేల్పు. ఒంటికన్ను అంధత్వం ప్రభుత్వ లెక్కల్లో అంధత్వంగా చేరదు, రెండో కన్ను పని చేస్తోంది కదా. ఈ జబ్బు ఇన్నేళ్లు మరుగున పడి ఉండటానికి అదొక కారణం.

గాజు పలక మీద

కన్ను ఎర్రబడటం, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం బ్యాక్టీరియా పుండులోనూ ఉంటాయి. అంచులు ఈకలా చీలి ఉండటం, పక్కన చిన్న చిన్న పిల్ల మచ్చలు తేలడం శిలీంధ్రాన్ని సూచిస్తాయి గానీ కంటితో చూసి తేల్చడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. అందుకే గీకి చూస్తారు. మత్తు చుక్క వేసి, రోగి గడ్డాన్ని స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూపే పరికరం) ఆనుపు మీద పెట్టించి, బ్లేడుతో పుండు అంచునూ అడుగునూ గీకుతారు. వచ్చిన తునకను గాజు పలక మీద పరిచి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే కార్నియా కణాలు కరిగిపోతాయి. శిలీంధ్రపు గోడ ఆ క్షారానికి లొంగదు. మైక్రోస్కోపు కింద అడ్డగీతలతో కొమ్మలు వేసిన దారాలు కనబడితే సంగతి తేలిపోయినట్టే. ఖర్చు కొన్ని రూపాయలు, సమయం కొన్ని నిమిషాలు. కల్చర్, అంటే తునకలోని జీవిని ప్రయోగశాలలో పెంచి చూసే పరీక్ష, ఫలితం రావడానికి రోజులు, ఒక్కోసారి వారం దాటుతుంది. ఈ చిన్న పరీక్ష లేకుండా చేసే చికిత్స చీకట్లో బాణం వేయడమేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పాత మందు, కొత్త మందు

నాటమైసిన్ 1950లలో దక్షిణాఫ్రికాలోని నాటాల్ ప్రాంతపు మట్టి నుంచి దొరికిన మందు. పేరు అక్కడిదే. చీజ్ మీద బూజు పట్టకుండా పూయడానికి కూడా దీన్నే వాడతారు. అమెరికా ఔషధ సంస్థ 1978లో 5 శాతం కంటి చుక్కలుగా అనుమతించింది. తెల్లగా పాలలా ఉంటుంది, సీసా నిలకడగా పెడితే అడుగున పేరుకుంటుంది, వేసే ముందు బాగా కుదపాలి. పుండు మీద తెల్ల పొడిలా అంటుకుపోతుంది. ఇది కార్నియా లోతుల్లోకి బాగా దిగదన్నది దీని మీద పాత ఫిర్యాదు. వోరికొనజోల్ కొత్తది, లోపలికి చక్కగా దిగుతుంది, ఒంట్లోని ఆస్పర్‌జిల్లస్ జబ్బుకు పేరున్న మందు. దాంతో చాలామంది డాక్టర్లు ఇంజెక్షన్ పొడిని కలిపి చుక్కలుగా వాడటం మొదలుపెట్టారు. కాగితం మీద చూస్తే వోరికొనజోలే గెలవాలి.

తేల్చడానికి అరవింద్ కంటి ఆసుపత్రులు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి 2010–11లో 323 మంది మీద పరీక్ష జరిపాయి. దీని పేరు మట్-1. ఎవరికి ఏ మందు అన్నది చీటీ వేసినట్టు నిర్ణయమైంది. మేలుకుని ఉన్నంతసేపు గంటకో చుక్క చొప్పున వారం, తరువాత రెండు గంటలకో చుక్క చొప్పున మూడో వారం ముగిసేదాకా. రెండు మందుల తీరూ ఒకటే. మూడు నెలలకు చూపు కొలిస్తే నాటమైసిన్ పక్షం అక్షరాల పటంలో దాదాపు రెండు వరుసలు మెరుగ్గా ఉంది. పుండు చిల్లు పడినవి లేదా అత్యవసరంగా కార్నియా మార్చాల్సినవి వోరికొనజోల్‌లో 34, నాటమైసిన్‌లో 18. అనుకున్న సంఖ్య నిండకముందే పరీక్షను ఆపారు.

అసలు విషయం లోపలి లెక్కలో ఉంది. ఫ్యుజేరియం పుండ్లలో తేడా నాలుగు వరుసలకు పైగా. మిగతా శిలీంధ్రాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పరీక్షలో చేరినవారిలో దాదాపు 40 శాతం ఫ్యుజేరియం రోగులు కావడం వల్లే మొత్తం ఫలితం అటు మొగ్గింది. ఆస్పర్‌జిల్లస్ ఎక్కువగా ఉన్న చోట ఇదే పరీక్ష పెడితే తేడా చిన్నదయ్యేది. కాబట్టి మట్-1 వోరికొనజోల్ పనికిరాదని చెప్పలేదు. ఏ శిలీంధ్రమో తెలియకముందే మొదలుపెట్టాల్సిన మందు ఏదన్న ప్రశ్నకు నాటమైసిన్ అని జవాబిచ్చింది. మన దగ్గర ఫ్యుజేరియమే ఎక్కువ కాబట్టి ఆ జవాబు మనకు సరిగ్గా సరిపోతుంది.

మరి పుండు లోతుగా ఉంటే మాత్రలు కలిపితే? చూపు 6/120 లేదా అంతకన్నా తక్కువ ఉన్న 240 మందితో భారత్, నేపాల్‌లలో జరిగిన మట్-2 దీన్ని చూసింది. అందరికీ చుక్కలు వేశారు, సగం మందికి వోరికొనజోల్ మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. చిల్లులూ ఆపరేషన్లూ చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మాత్ర వేసుకున్నవారిలో దుష్ఫలితాలు మాత్రం పెరిగాయి. ఖరీదైన మాత్ర, కూలి చేసుకునే రోగి. అందుకని 2016లో వచ్చిన ఈ 'లేదు' అన్న ఫలితానికి ఏ 'అవును'కూ తగ్గని విలువ ఉందని నా లెక్క.

నాటమైసిన్ దొరకని దేశాల కోసం చవకైన క్లోర్‌హెక్సిడిన్‌ను నేపాల్‌లో 354 మందిపై పోల్చారు. బంగ్లాదేశ్‌లో 1990లలో జరిగిన చిన్న పరీక్షలు దాని మీద ఆశలు రేపాయి. 2022లో వచ్చిన ఈ పెద్ద పరీక్ష ఆ ఆశను నిలబెట్టలేదు, నాటమైసినే మెరుగు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటికే, 2017లో, నాటమైసిన్‌ను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

స్టెరాయిడ్ చుక్కలు

ఇక్కడ ఒక పరీక్షను తప్పుగా చదివే ప్రమాదం ఉంది. స్కట్ అనే పరీక్షలో 500 మంది పుండు రోగులకు 48 గంటలు మాక్సిఫ్లాక్ససిన్ వేశాక, సగం మందికి స్టెరాయిడ్ చుక్కలు జోడించారు. 2012 ఫలితాల్లో మొత్తం మీద మేలూ లేదు, చిల్లులు పెరగనూ లేదు. మొదట్లో వేళ్లు లెక్కపెట్టే చూపో అంతకన్నా తక్కువో ఉన్నవారికి కొంత లాభం కనబడింది. 'స్టెరాయిడ్ వేసినా ఏమీ కాదు' అనడానికి కొందరు దీన్నే చూపిస్తారు. కానీ ఆ 500 మందీ కల్చర్‌లో బ్యాక్టీరియా రుజువైనవారు, శిలీంధ్రం ఉన్నవారిని ముందే పక్కన పెట్టారు. శిలీంధ్రపు పుండులో స్టెరాయిడ్ ఒంటి రక్షణను అణచి శిలీంధ్రానికి దారి వదులుతుంది. మొదటి రెండు మూడు రోజులు ఎరుపు తగ్గి నొప్పి తేలికవుతుంది, నయమవుతోందని రోగి అనుకుంటాడు. మెడికల్ షాపులో 'కన్ను ఎర్రగా ఉందన్నా, ఏదైనా చుక్కల మందివ్వు' అంటే చేతికొచ్చే సీసాల్లో స్టెరాయిడ్ కలిసినవీ ఉంటాయి. ఆకు పసరు, చనుబాలు, ఆముదం పోయడం ఎంత చెడ్డదో ఇదీ అంతే చెడ్డది, సీసా మీద లేబుల్ ఉండటమే తేడా.

ఊళ్లోనే ఆపడం

గీత పడిన వెంటనే యాంటీబయాటిక్ లేపనం రాస్తే పుండు రాదా? 2001లో వెలువడిన భక్తపూర్ అధ్యయనం దాదాపు 35,000 మందిని రెండేళ్లు అనుసరించింది. గ్రామ కార్యకర్తలు గీత పడినవారికి మూడు రోజులు, రోజుకు మూడుసార్లు క్లోరాంఫెనికాల్ లేపనం రాశారు. చూసిన 442 గీతల్లో 96 శాతం పుండు కాకుండా మానాయి. అద్భుతంగా ఉంది గానీ, పోల్చడానికి లేపనం రాయని గుంపు లేదు. కార్నియా గీతలు చాలావరకు వాటంతటవే మానతాయి. 2006లో వెలువడిన మరో పరీక్షలో మదురై ప్రాంతపు పల్లెల్లో యాంటీబయాటిక్‌కు శిలీంధ్ర మందు కలిపితే మేలా అని చూస్తే రెండు గుంపులూ దాదాపు పూర్తిగా మానాయి. అక్కడా రెండింటికీ క్లోరాంఫెనికాల్ రాశారు, కాబట్టి ఆ మానడం మందు గొప్పో కన్ను గొప్పో తెలియలేదు.

చివరికి నేపాల్‌లో 24 ప్రాంతాలను రెండుగా విడదీసి, సగం చోట్ల మాత్రమే లేపనంతో కార్యకర్తలను పెట్టారు. 2022లో ఫలితం వచ్చింది, పుండ్ల సంఖ్యలో తేడా లేదు. గీత పడినవాళ్లలో చాలామంది కార్యకర్త దాకా రాకపోవడం ఒక కారణం కావచ్చు. కంట్లో నలుసు పడిందని పని ఆపేవాళ్లు కోతల వేళ ఎంతమంది?

మందుతో లొంగని పుండుకు మిగిలేది కార్నియా మార్పిడి. హైదరాబాద్‌లో రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి 1989 నుంచి కార్నియాలు సేకరిస్తోంది. ఎర్రగా రగిలే కంటిలో కుట్టిన కార్నియా ప్రశాంతంగా ఉన్న కంటిలో నిలిచినట్టు నిలవదు. అత్యవసరంగా చేసే మార్పిడి చూపు కోసం కాదు, కంటిగుడ్డును దక్కించుకోవడానికి. చూపు కోసం నెలలు ఆగి, కన్ను చల్లబడ్డాక మళ్లీ కార్నియా మార్చాల్సి వస్తుంది.