రికార్డు ఎంచేదెవరు?

మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో ఎఫ్‌ఎం పెడితే పలికేది హైదరాబాదే. లైసెన్సులను నగరాల వారీగా వేలం వేశారు మరి. 2006లో రేడియో సిటీ, మిర్చి వచ్చాక మాటకారి ఆర్జేలకు కొదవ లేకుండా పోయింది. పాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలవాళ్లు మాత్రం అరుదు. ఈ తరానికి ఓపిక లేదని తేల్చేస్తుంటారు కానీ, నాకది సబబుగా తోచదు. ఏ పాట వేయాలో నిర్ణయించే హక్కు ఎవరికుంటే వాళ్లే పాటల గురించి తెలుసుకుంటారు. తక్కినవాళ్లకు ఆ అవసరం పడదు.

రాక్ అండ్ రోల్ చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1951లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో రేడియో డీజే అలన్ ఫ్రీడ్ నల్లజాతి గాయకుల రికార్డులు వేయడం మొదలుపెట్టాడు. వాటిని తెల్ల పిల్లలు కూడా ఎగబడి కొంటున్నారని ఆయనకు చెప్పింది లియో మింట్జ్ అనే రికార్డుల దుకాణదారు. అంటే ఫ్రీడ్ పరిజ్ఞానం అంగట్లో, రికార్డుల మధ్య పెరిగింది. ఆ హక్కే లంచాలకు దారి తీయలేదా అంటే, తీసింది. ఫ్రీడ్ ఉద్యోగం 1959లో పోయింది, 1962లో నేరం ఒప్పుకుని 300 డాలర్ల జరిమానా కట్టాడు. కానీ ఆ గొడవ తర్వాత ఎంపిక చాలాచోట్ల డీజే చేతి నుంచి స్టేషన్ అధికారి చేతికి వెళ్లింది. లంచం పోయిందో లేదో గానీ, డీజేకి రికార్డులు వెతుక్కునే పని తప్పింది.

మన దగ్గర 1952లో కేంద్రమంత్రి కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు అడ్డుకట్ట వేస్తే శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. అక్కడ హిందీలో అమీన్ సయానీ, తెలుగులో మీనాక్షి పొన్నుదురై పాటతో పాటు తామూ గుర్తుండిపోయారు. 1957లో వివిధ భారతి వచ్చింది. చిత్రం, కవి, సంగీత దర్శకుడు, గాయకులు అని ఓపిగ్గా చదివిన ఆకాశవాణి అనౌన్సర్లది పరిజ్ఞానం కాదా అని అడగవచ్చు. నిస్సందేహంగా అవును. మనవాళ్లలో చాలామందికి పాట రాసిందెవరో తెలిసిందంటే వాళ్ల చలవే. అయితే ఆ వివరాలు చెప్పడం అక్కడ నియమం, ఉద్యోగ ధర్మం. ప్రైవేటు ఎఫ్‌ఎంలో ఆ నియమమూ లేదు, ఎంపికా లేదు. జాబితా ముందే సిద్ధమై వస్తుంది.

అలాగని ఎంపిక చేతిలో ఉన్నవాళ్లు మన దగ్గర లేకపోలేదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను నడిపింది దళిత మహిళలు. పొలం పాటల్లో, పండుగ పాటల్లో ఏది వేయాలన్నది వాళ్ల ఇష్టమే. స్వచ్ఛంద సంస్థలకు ఇలాంటి కమ్యూనిటీ రేడియో లైసెన్సు దక్కే వీలు 2006 విధానంతో వచ్చింది. మేడ్చల్‌కైనా శామీర్‌పేటకైనా ఆ వీలు ఉంది, దానికి వేలం పాట లేదు.