చూరు కింద వరికుచ్చు

సంక్రాంతి నాటికి కొత్త వరివెన్నుల కుచ్చు ఒకటి చూరుకి వేలాడాలన్నది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పాత ఆనవాయితీ. పిట్టల మీద దయతో పుట్టిన ఆచారమని అందరూ అంటారు. నిజమే కానీ, దయకి ముందు కొడవలి ఉంది. కొడవలితో కోసి, పనలు వేసి, కట్టలు కట్టి, కుప్ప పెట్టి, ఆనక తీరిగ్గా నూర్చే రోజుల్లో వెన్ను కాడతో సహా మనిషి చేతికి వచ్చేది. బాగా గింజ పట్టినవి ఏరి పక్కన పెట్టేవారు. కొన్ని విత్తనానికి, కొన్ని అమ్మవారి గుడికి, కొన్ని పిట్టలకి.

కాడ పూర్తిగా ఎండితే అల్లుతుండగానే పుటుక్కున విరుగుతుంది. అందుకని పచ్చి ఆరకముందే కూర్చోవాలి, లేదా నీళ్ళు చిలకరించి మెత్తబరచుకోవాలి. ఆకు ఒలిచేసి, నాలుగైదు వెన్నుల్ని పైన ముడేసి, జడలో పాయలు కలిపినట్టు కొత్త కాడలు చేర్చుకుంటూ పోతారు. గింజలన్నీ కిందికి వేలాడతాయి. పైనున్న కాడల అల్లిక పిచ్చుక గోళ్ళకి పట్టు.

పండగ నాడు కట్టినా దాని అసలు అక్కర పండగకి కాదు. అప్పటికి పొలంలో రాలిన గింజే పిట్టలకి కావలసినంత. వరి తరవాత చల్లిన మినుము, పెసర కూడా ఇంటికి చేరాక మొదలవుతుంది కరువు. గింజ మీద ఊక ఉంటుంది కనుక కుచ్చు నెలల తరబడి చెడదు. ఊరపిచ్చుకలు, జినువాయిలు ముక్కుతో ఒలుచుకు తింటాయి, ఉడత ఏకంగా కాడే కొరికి పడేస్తుంది. అరుగంతా ఊక. చిమ్మే ఇల్లాలు తిట్టుకునేది, కుచ్చు మాత్రం తీసేది కాదు.

1966లో ఐఆర్-8 అనే పొట్టి వరి వచ్చింది. 1982లో మార్టేరు నుంచి స్వర్ణ వచ్చింది. కాడ పొడవు తగ్గినా అల్లిక ఆగలేదు. కోత యంత్రం వచ్చాకే ఆగింది. కోయడం, నూర్చడం ఒక్క ఊపులో అయిపోతే ధాన్యం బస్తాకి, గడ్డి మడిలోకి పోతాయి. చేతికి వెన్ను తగలదు. అదే కాలంలో పూరిళ్ళూ పెంకుటిళ్ళూ పోయి స్లాబులు వచ్చాయి. వాసాల సందుల్లో గూడు పెట్టుకునే పిచ్చుకకి ఇల్లూ పోయింది.

2010 నుంచి మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుతున్నారు. ఆ రోజు పిచ్చుకలు తగ్గిన తప్పంతా సెల్ టవర్ల మీదకి నెట్టడం రివాజు. 2020లో వెలువడిన దేశవ్యాప్త పక్షుల నివేదిక అందుకు ఆధారాలు లేవంది. అప్పటికి పాతికేళ్ళుగా దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య నిలకడగానే ఉందనీ, తగ్గినది ఆరు మహానగరాల్లోననీ తేల్చింది. టవర్ని తిట్టడం సులువు, ఇంటికి చూరు పెట్టడమే కష్టం.

మేత పెట్టకుండా పిట్టలకి చేసే మర్యాద కూడా శ్రీకాకుళం జిల్లాలో ఉంది. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు ఊరి చెట్ల మీదే పిల్లల్ని పెంచుతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానాకాలంలో నత్తగుల్ల కొంగలు వస్తాయి. ఇవన్నీ సైబీరియా నుంచి దిగాయని పత్రికలు ఏటా రాస్తాయి గానీ ఇవి మన దేశపు పక్షులే. వాటి తిండి నౌపడ చిత్తడి నేలల్లోని చేపలు, పొలాల్లోని నత్తలు. ఊరు చేయవలసిందల్లా ఆ చెట్లు కొట్టకుండా ఉండడం.

ఈమధ్య కుచ్చు అలంకారంగా బజారుకెక్కింది. కొని వాకిట్లో కట్టేవాళ్ళు రెండు సంగతులు చూసుకోవాలి. మెరుపు కోసం వార్నిష్ పూసినది పిట్టలకి పనికిరాదు. పిల్లి ఎగిరినా అందనంత ఎత్తున కట్టాలి. ఇక గూట్లోని పిచ్చుక పిల్లలకి వడ్లు అరగవు, తల్లి పురుగుల్ని ఏరుకొచ్చి పెడుతుంది. కాబట్టి కుచ్చు కట్టిన ఇంట్లో పెరటి బీరపాదుకి పురుగుమందు కొట్టకపోతే మంచిది.