ఇంటి కంప్యూటరుకు అడ్డుగోడ

2017 మే 12వ తేదీన ‘వాన్నాక్రై’ అను పురుగు ప్రపంచముమీద పడినది. పురుగనగా ప్రాణి కాదు. ఒక కంప్యూటరునుండి మరియొకదానికి తనంతట తాను ప్రాకిపోవు ప్రోగ్రాము. దస్త్రములకు తాళము వేసి, తాళపుచెవికి మూడువందల డాలర్ల విలువగల బిట్‌కాయిన్ అడుగుట దాని పద్ధతి. ఇంగ్లండులో ఆసుపత్రుల పని నిలిచిపోయినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కినవని పత్రికలు వ్రాసినవి. వానిలో చిత్తూరు జిల్లా పేరు ఉండెను. మదనపల్లె, పుంగనూరు, కుప్పము మూడును ఆనాడు ఆ జిల్లాలోనివే.

అంతకు పదునైదేండ్లు ముందు, 2002లో, హ్యూలెట్ పాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి కుప్పమున ‘ఐ-కమ్యూనిటీ’ అను పేర గ్రామ కంప్యూటరు కేంద్రములను నెలకొల్పినది. అట్టి ప్రయత్నములలో తీగ పల్లెకు చేరునా అనునదే మొదటి చింత. ఆ తీగవెంట పిలువని అతిథి రాడా అను ప్రశ్న అన్నిచోట్లను ఆలస్యముగనే పుట్టినది. మేము దీనిని తప్పుగా ఎంచము. ఇల్లు కట్టిన తరువాతనేగదా గడియ మాట!

ఆ గడియకే ‘ఫైర్‌వాల్’ అని పేరు. ఒక యింటి మంట ప్రక్కయింటికి ప్రాకకుండ మధ్య కట్టు గోడను ఇంగ్లీషువారు ఆ మాటతో పిలిచిరి. కంప్యూటరువారు దానిని అరువు తెచ్చుకొనిరి. ప్రతి కంప్యూటరుకును ‘పోర్టు’లను సంఖ్యలుగల వాకిండ్లుండును. వచ్చిన సమాచారము ఎచటినుండి వచ్చినది, ఏ వాకిట నిలిచినది అని చూచి, రానిచ్చుటయో తిప్పిపంపుటయో ఈ గోడ పని.

1988 నవంబరు 2వ తేదీన రాబర్ట్ మోరిస్ అను అమెరికా విద్యార్థి విడిచిన పురుగు నాటి ఇంటర్నెట్టులో వేలకొలది యంత్రములను స్తంభింపజేసినది. తరువాతి యేండ్లలో సంస్థలు తమ ప్రాకారమున గోడలు లేపినవి. వెలుపల శత్రువు, లోపల బంధువు అనునది అప్పటి లెక్క. ఇంటి కంప్యూటరును అంతగా తలచినవారు లేరు.

దాని ఫలితము 2003 ఆగస్టులో కనబడినది. ‘బ్లాస్టర్’ అను పురుగు 135వ వాకిట దూరెను. ఇంటర్నెట్టుకు తగిలించిన కంప్యూటరు, యజమాని ఏమియు నొక్కకయే, ఒక్క నిమిషమున ఆరిపోవునని ప్రకటించి మరల మొదలయ్యెడిది. విచిత్రమేమనగా, విండోస్ ఎక్స్‌పీలో గోడ అప్పటికే ఉన్నది. కాని సాధారణముగా అది ఆపివేసియుండెను. 2004 ఆగస్టులో వచ్చిన రెండవ సర్వీస్ ప్యాకుతో మైక్రోసాఫ్టు దానిని తానే వెలిగించి యిచ్చినది. గృహస్థుని రక్షణ చరిత్రలో ఇంతకు మించిన మలుపు లేదని మా అభిప్రాయము.

వాన్నాక్రై 445వ వాకిటిది. ఆ లోపమును పూడ్చు సవరణ 2017 మార్చిలోనే వెలువడియుండెను, వేసికొననివారు మునిగిరి. ఒక్క యంత్రము చిక్కినచో ప్రాకారము లోపలి తక్కిన యంత్రములకును అది ప్రాకినది. పాలెగాండ్రను చూచిన పుంగనూరు సీమవారికి దీనిని వివరింప పనిలేదు: కోటగోడ ఉన్నదిగదా యని ఇంటి తలుపు తెరచి నిద్రించువారెవరు?

కనుక నేడు మదనపల్లెలో కంప్యూటరు కొనెడి గృహస్థు గోడ కొరకు వేరుగా డబ్బు చెల్లింపవలెనా? చాలమందికి అక్కరలేదు. విండోస్‌లోనిదే చాలును, అది వెలిగియున్నదా లేదా చూచుకొనవలెను. ఇంటర్నెట్టు తెచ్చు రౌటరులోను ఒక గోడ యుండును. దానితో వచ్చిన సంకేతపదమును మార్చవలెను. బస్టాండులోనో హోటలులోనో వైఫై వాడునపుడు ‘పబ్లిక్’ అను ఎంపికయే తగినది. ఏదైన ప్రోగ్రాము బయటివారిని రానిమ్మని అనుమతి కోరినచో, అది ఏమిటో తెలియనిదే ‘సరే’ యనరాదు. రెండు సంస్థల గోడలను ఒకే యంత్రమున నడుపుట తలనొప్పి.

బ్యాంకు ఉద్యోగినని ఫోనుచేసి ఓటీపీ అడుగువానిని ఏ గోడయు ఆపదు; వానికి మనమే తలుపు తీయుచున్నాము. అట్లు డబ్బు పోయినచో వెంటనే 1930కి ఫోను చేయవలెను.

సవరణల మాట మరియొకటి. విండోస్ 10కి సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగినవి. పొడిగింపునకు నమోదు చేసుకొనని యంత్రము ఇంట నున్నచో, గోడ యెంత గట్టిదైనను, ముందు తేల్చుకొనవలసినది ఆ సంగతి.